నిత్యపరీక్ష - నిండుపరీక్ష

పరీక్ష యను మాట వినినంతనే మన యాడువారికి బిడ్డల బడిపరీక్షలు జ్ఞప్తికి వచ్చును. పురాణము చదివినవారికి సీతాదేవి యగ్నిప్రవేశము జ్ఞప్తికి వచ్చును. కాని నిజమరసినచో గృహిణి దినమునకు నూరు పరీక్షలు చేయుచునే యుండును, చేయుచున్నట్లు తానెరుగదు. ఎసటిలోని బియ్యముడికినదో లేదో యొక్క మెతుకు పట్టి చూచును. పులుసులో నుప్పు చాలినదో లేదో యరచేత నొక చుక్క వేసికొని నాలుకకు తగిలించును. పాలు విరిగినవేమోయని మూత తీసి వాసన చూచును. ఇవన్నియు నిమిషములో ముగియు పరీక్షలు. మరికొన్ని యట్లు కావు. ఆవకాయ కలిపిననాడే రుచి చూచి, యిది యేడాది నిలువయుండునని యెవరును బల్లగ్రుద్ది చెప్పలేరు. మూడవనాడు తిరగగలిపి చూడవలెను. వానకాలము గడచిన పిమ్మట జాడీ వాసెన విప్పినప్పుడుగాని దాని నిజము బయటపడదు. అట్లని యొక్కొక్క గరిటె కారము వేసి నాలుగు నెలలాగి చూచి, పిదప రెండవ గరిటె వేయుదమన్నచో ఆవకాయ కలియనే కలియదు.

ఈ రెండు తెగల పరీక్షలను గూర్చియు, వానిలో నిదానమైనదానిని దినచర్యనుండి తొలగించి వేరొక వేళకు నిర్ణయించుటలోని మేలుకీడులను గూర్చియు నాకు తోచినది సోదరీమణులకు మనవి చేయుదును. ఈ యాలోచన నాకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి వలన కలిగినది. ఆ పేరు వినగానే, ఇది మనకు గాదని పుట త్రిప్పివేయవలదు. మన చెల్లెండ్రును, కుమార్తెలును నేడు వేలకొలదిగా జీవించుచున్నది ఆ వృత్తిమీదనే. వారి గదితలుపు మూసియున్నప్పుడు లోపల వారు పడు బాధ యెట్టిదో తెలిసికొనుట మనకు తగినపనియే.

మా ఆడబిడ్డ హైదరాబాదులోని యొక సంస్థలో నుద్యోగిని. అత్తవారిది గుడివాడ. ఇంటినుండియే పని చేసికొనుటకు సంస్థవా రంగీకరించిరి. తొలిచూలు పురిటికి బందరులోని పుట్టినింటికి, అనగా మా యింటికి వచ్చి, 2017లో సవరింపబడిన ప్రసూతిచట్టము ననుసరించి దొరకిన 26 వారముల సెలవు ముగియగానే, పసిబిడ్డను ప్రక్కనుంచుకొని మరల పనిలో ప్రవేశించినది. మా వారు బడికిని, పిల్లలు చదువులకును పోయిన పిమ్మట ఇంట మిగులువారము అత్తగారు, నేను, ఆ యమ్మాయి, పసికందు. నడిమిగదిలో బల్లమీద నామె ల్యాప్‌టాపు. దాని ప్రక్కనే యుయ్యెల.

ఆమె పని చేయు ప్రోగ్రాము మందుల దుకాణములకును, చిన్న యాసుపత్రులకును సరకు లెక్క చూచునది. ఏ మందు ఎంత నిలువ యున్నది, దేనికి గడువు తీరనున్నది, దేనిని రోగి కీయరాదు అని యది చెప్పును. అది తప్పు చెప్పినచో నష్టము రూపాయలతో పోదు. అందుచేత నెంత చిన్న దిద్దుబాటు చేసినను పరీక్షలన్నియు నడిపించి చూచిన పిమ్మటనే ముందునకు సాగవలెనని సంస్థలో నొక నియమముండెను. నియమము మంచిదే. కాని యా పరీక్షలు ముగియుటకు నలువది నిమిషములు పట్టును. బిడ్డ నిద్రించునది ముప్పావుగంట. ఆమె యా సమయములో నొక పంక్తి దిద్దును, పరీక్ష మొదలుపెట్టును, అది ముగియులోపల బిడ్డ లేచును, పాలిచ్చి, స్నానము చేయించి, మరల బల్లయొద్దకు వచ్చునప్పటికి తానేమి తలచి యా పంక్తి దిద్దినదో మరచిపోవును. ఒకనాడు నాతో, “వదినా, నేను దిద్దేది అయిదు నిమిషాలు, కాచుకొని కూర్చునేది గంట. ఇట్లా అయితే ఈ ఉద్యోగం నావల్ల కాదు” అని కన్నీరు పెట్టుకొన్నది.

ఇంతకు నీ పరీక్షలేమని యడిగితిని. ఆమె చెప్పినదానిని నాకు తెలిసిన మాటలలో చెప్పెదను. ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసి యిచ్చు నాజ్ఞల వరుస. ఆ యాజ్ఞలు సరిగా నున్నవో లేవో చూచుటకు, వానిని వ్రాసినవారే మరికొన్ని చిన్న ప్రోగ్రాములు వ్రాసి యుంచుదురు. వీనికే టెస్టులని పేరు. పది మాత్రల పట్టీలో మూడమ్మినచో నేడు మిగులవలెననునది యొక టెస్టు. ఏడు వచ్చినచో పచ్చగుర్తు, రానిచో నెర్రగుర్తు. ఇట్టివి వందలకొలది యున్నను రెప్పపాటులో ముగియును. ఇవి మెతుకు పట్టి చూచుట వంటివి. మరికొన్ని టెస్టు లట్లు కావు. అవి నిజమైన డేటాబేసును తెరచి లెక్కలు నింపును. మనుష్యుడు నొక్కినట్లే తెరమీది మీటలను నొక్కును. వేరొక యూరి యంత్రమునకు కబురంపి బదులు వచ్చువరకు కాచుకొనును. ఒక దుకాణపు సంవత్సరపు సరకునంతను మొదటినుండి తుదివరకు నడిపించి చూచును. ఇవి జాడీ విప్పి చూచుట వంటివి. సంఖ్యలో కొద్దియైనను కాలమంతయు మ్రింగునవి యివియే.

కాచుకొనుటవలన కాలనష్టమొక్కటియే యని మొదట నే ననుకొంటిని. అంతకు మించిన కీడులు రెండున్నవని యామె చెప్పగా తెలిసినది. ఒక్కొక్క దిద్దుబాటునకు నలువది నిమిషములు కాచుకొనలేక, జను లెనిమిదో పదియో దిద్దుబాటులను మూటగట్టి యొక్కసారిగా పరీక్షింతురు. ఎర్రగుర్తు వచ్చినప్పుడు మూటలోని దోషి యెవ్వరో తెలియదు. ఇది మొదటి కీడు. రెండవది యింకను చెడ్డది. విసిగినవాడు కొన్నాళ్లకు పరీక్షనే మానివేయును. నియమము పుస్తకములో నుండును. పని వేరొక త్రోవను నడచును. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగను పద్ధతిని ప్రచారము చేసిన కెంట్ బెక్ అను నమెరికా దేశీయుడు, ప్రోగ్రామునంతను కూర్చి పరీక్షించుట పది నిమిషములలో ముగియవలెనని నియమము పెట్టుట యిందుచేతనే. అంతకు మించినచో మనుష్యు లాపని తరచుగా చేయరు.

ఈ చిక్కునకు ఆ వృత్తిలో వాడుకయైన మార్గమొకటి కలదు. నిదానముగా నడచు టెస్టులపై నొక గుర్తుంచి, వానిని నిత్యపరీక్షనుండి వేరుచేయుదురు. పైతాన్ భాషలో వ్రాయువారు పైటెస్టు అను సాధనమున నట్టివానికి ‘స్లో’ అని ముద్ర వేసి, ప్రత్యేకముగా నాజ్ఞాపించిననేగాని యవి నడువకుండునట్లు కట్టుదిట్టము చేసికొందురు. గో భాషలో ‘షార్ట్’ అను నొక మాట చేర్చి నడిపినచో, పొడుగైన పరీక్షలు తమంతట తాము తప్పుకొనునట్లు వ్రాయవచ్చును. రస్ట్ భాషలో ‘ఇగ్నోర్’ అను గుర్తుగలవి యడిగిననేగాని లేవవు. జావా భాషవారి జేయూనిట్ సాధనమున చీటీలంటించి వేరుచేయుదురు. గూగుల్ సంస్థవారు తమ టెస్టులను చిన్నవి, నడిమివి, పెద్దవి యని మూడు తెగలుగా నేర్పరచిరి. పేర్లు వేరైనను భావమొక్కటే: ప్రతి యడుగునకును తక్షణమే బదులు చెప్పు పరీక్ష యొకటి, గడువు పెట్టి చేయు నిండుపరీక్ష మరియొకటి.

బందరువారికి దీనిని బోధింప నక్కరలేదు. మా యూరి చిలకలపూడి నగలకు దేశమంతట పేరున్నది. పైపూత బంగారము, లోన వేరు లోహము. కంటికి మాత్రము మేలిమి నగయే. అసలు బంగారము కొను కంసాలి, యెవరేమి తెచ్చినను ముందుగా గీటురాయిమీద గీసి చూచును. వచ్చిన ప్రతి నగను కరగించి పుటము పెట్టి చూడబోయినచో సాయంకాలమునకు అంగడి మూసికొనవలసినదే. కాని పైపూత మందముగా నున్నచో గీటురాయి మోసపోవచ్చును. అప్పుడు పుటమే గతి. నేడు హాల్‌మార్కు వేయు కేంద్రములలోను క్రమమిట్లే యున్నది. ఎక్స్‌కిరణముల యంత్రముతో తొలుత త్వరగా చూతురు; పిదప మచ్చునకు తీసిన పిసరును నిప్పులో పెట్టి నిగ్గు తేల్తురు. ఒకటి యున్నదని రెండవదానిని మానరు.

నాకు మా తాతగారు చిన్ననాట చెప్పిన భారతములో నీ భేదము చక్కగా కనబడుచున్నది. ద్రోణాచార్యులు చెట్టుకొమ్మ నొక కృత్రిమపక్షిని నిలిపి, ఏమి కనబడుచున్నదని శిష్యుల నొక్కొక్కరిని అడిగెను. అది క్షణకాలపు పరీక్ష. ఒక్క గుణమును, అనగా దృష్టి నిలకడను మాత్రమే కొలుచునది. విద్య ముగిసిన పిమ్మట రంగస్థలము కట్టించి, ధృతరాష్ట్రుడును గాంధారియు కుంతియు పౌరులును కూడియుండగా కుమారుల యస్త్రవిద్యను ప్రదర్శింపజేసెను. అది నిండుపరీక్ష. దినమున కొక రంగము కట్టించినచో కుమారులకు విద్య యెప్పుడబ్బును? రంగమే కట్టింపకున్నచో కర్ణుడు బయటపడు టెట్లు? పక్షి పరీక్షలో నర్జునునికి సాటి లేదని తేలినది. సాటివాడొకడు కలడని తెలియుటకు నిండుసభ కావలసివచ్చినది. చిన్నపరీక్ష మన మడిగిన ప్రశ్నకు మాత్రమే బదులు చెప్పును. పెద్దపరీక్ష మన మడుగనిదానిని గూడ తెచ్చి యెదుట నిలుపును. కావున చిన్నదానితో తృప్తిపడి పెద్దదానిని మానరాదు. పెద్దదానిమీది గౌరవముతో చిన్నదానిని అడ్డగింపనురాదు.

మా ఆడబిడ్డ తన కోరికను పైయధికారికి తెలుపగా, ఆయన మొదట నొప్పుకొనలేదు. ఆయన చెప్పిన కారణము కొట్టివేయదగినది కాదు. “ఇష్టమైతే చెయ్యవచ్చునంటే ఎవ్వరూ చెయ్యరమ్మా” అనెను. ఈ భయమునకు లోకములో నాధారములున్నవి. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఆరియాన్-5 అను రాకెట్టు దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి తొలిసారి లేచినది. నిండా నిమిషము గడువకముందే త్రోవ తప్పి, నాలుగు శాస్త్రీయ ఉపగ్రహములతో కూడ నాకాశమున వ్రయ్యలైనది. అంతకు ముందరి ఆరియాన్-4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము భాగమునే దిక్కు తెలుపు యంత్రమున నుంచిరి. క్రొత్త రాకెట్టు పాతదానికంటె త్వరగా ప్రక్కకు సాగును. ఆ వేగపు సంఖ్య దానికై యుంచిన చోటులో పట్టలేదు. సోలలో పట్టని ధాన్యమును సోలలోనే పోసినట్లయినది. క్రొత్త రాకెట్టు పయనించు త్రోవ ననుసరించి యా యంత్రమును పూర్తిగా పరీక్షించి యుండలేదని విచారణసంఘము తేల్చినది. పాతచోట నెగ్గినది గదా, క్రొత్తచోట నిండుపరీక్ష యెందులకని విడిచిన ఫలమది. కావున పైయధికారి సంశయము వట్టి మొండితనము కాదు.

ఈ వాదము మా యింట రెండుమూడు దినములు సాగినది. మా వారు బడిపంతులు గనుక, వారమునకొక చిన్నపరీక్షయు, ఏడాదికొక పెద్దపరీక్షయు నుండవలెననిరి. దినమునకొక పెద్దపరీక్ష పెట్టినచో చదువు చెప్పుటకు వేళ యేదియని నవ్విరి. వత్తులు చేసికొనుచు వినుచున్న మా అత్తగారు మాత్రము నవ్వలేదు. “రోజూ చెయ్యొద్దంటే సరేనమ్మా. మరి ఎప్పుడు చేస్తారో చెప్పు. తేదీ లేని పని జరగని పని” అనిరి.

ఆ మాట వారి నోట నూరకే రాలేదు. మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమ. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచి ముప్పదివేల ప్రాణములను బలిగొన్న యుప్పెనను మేము కథగా వినియుంటిమి. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనను వారు కంట చూచిరి. అప్పటికి వారికి పదునేడేండ్లు. కృష్ణ రెండు పాయల నడుమనున్న యా గడ్డమీదికి సముద్రము అయిదు మీటర్ల యెత్తున లేచి వచ్చి, ఊళ్లకు ఊళ్లనే తుడిచి పెట్టినది. సర్కారు లెక్కలోనే మృతులు పదివేలకు చేరువ. ఆ రాత్రినిగూర్చి వారు మాతో నెక్కువగా మాటలాడరు. కాని యా పిమ్మట వారి పుట్టినింట నేర్పడిన యాచారమునుగూర్చి చెప్పుదురు. ప్రతి సంజకును లాంతరులో నూనె, నేడైనచో టార్చిలైటులో బలము, ఫోనులో చార్జి యున్నవో లేవో చూతురు. అది యొక నిమిషపు పని. దసరా వెళ్లిన మరునాడు మాత్రము ముసలివారు, పిల్లలు, పట్టాకాగితముల సంచి, పశువుల పలుపులు విప్పుట మొదలుకొని యింటిల్లపాదియు తుపాను ఆశ్రయభవనమువరకు నడచిపోయి రావలెను. సగము దినము పట్టును. వానయుండదు, గాలియుండదు; చూచువారు నవ్వుదురు. ఒక యేడు వారట్లు పోయినప్పుడు ఆ భవనపు తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యూరిలో నొక్కరికిని తెలియలేదు. లాంతరులో నూరుసార్లు నూనె చూచినను తాళపుచెవి సంగతి బయటపడునా? అది మొదలు తాళపుచెవు లిద్దరి యిండ్లలో నుండునట్లు ఏర్పాటయినది.

నేడు బందరులో వాతావరణశాఖవారి డాప్లరు రాడారున్నది. 2013 నవంబరులో బందరు చేరువను తీరము దాటిన హెలెన్, 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చేరువను తీరము దాటిన మిచాంగ్ తుపానుల రాక దినములకు ముందే మాకు తెలిసినది. హెచ్చరిక ముందుగా వచ్చుట యొక మేలు. వచ్చినప్పుడు కాళ్లకు త్రోవ తెలిసియుండుట మరియొక మేలు. రెండవదానిని రాడా రీయలేదు. దాని కా దసరా మరునాటి నడకయే కావలెను. ఆ నడకను నిత్యము చేయుమన్నచో ఎవరును చేయరు. ఎప్పుడో చేయుదమన్నచో అసలే చేయరు. తేదీ యున్నది గనుక జరుగుచున్నది.

మా ఆడబిడ్డ యా మాటను పట్టుకొన్నది. ఆ రాత్రియే పైయధికారికి మరల నుత్తరము వ్రాసినది. ఈసారి కోరిక యొక్కటియే గాక కట్టుబాటులును వ్రాసినది. అవి యెల్లరకు పనికివచ్చునవి గనుక క్రమముగా చెప్పెదను.

మొదటిది: ఏది నిదానమో ఊహించి చెప్పరాదు, కొలిచి చెప్పవలెను. ఏ టెస్టున కెంత కాలము పట్టినదో పట్టిక వేసి చూపు సౌకర్య మా సాధనములలోనే యున్నది. కొలిచి చూడగా కాలములో నధికభాగము కొద్ది టెస్టులదేయని తేలినది. వానిలో గొన్ని యూరకే నిదానమైనవి. రెండు క్షణములు చాలునన్నచోట ముప్పది క్షణములు కాచుకొనుమని యెవరో యెప్పుడో వ్రాసిరి. మూడు కూతలకు దింపవలసిన కుక్కరును పది కూతలదాక నుంచినట్లన్నమాట. వానిని ముందుగా చక్కబెట్టవలెను. త్వరపరుప వీలులేనివానికే గుర్తు వేయవలెను.

రెండవది: నిత్యపరీక్షలో వానిని విడిచినను, ఏ భాగమును ముట్టుకొన్నవారు ఆ భాగమునకు సంబంధించిన నిదానపరీక్షను అప్పుడే నడుపవలెను. జాడీలో తడిచేయి పడినదని యనుమానము కలిగినచో నాలుగు నెలలవరకు ఆగుదుమా?

మూడవది: ప్రతిరాత్రియు యంత్రమే తనంతట తాను పరీక్షలన్నిటిని నడుపవలెను. మనుష్యుని యిష్టమునకు విడువరాదు. వారమునకొకరు వంతు వేసికొని, తెల్లవారి మొట్టమొదట రాత్రి ఫలితమును చూడవలెను. ఎర్రగుర్తున్నచో నది చక్కబడువరకు వేరొకటి ముట్టరాదు.

నాలుగవది: ఒక్క యెర్రగుర్తున్నను ప్రోగ్రామును దుకాణములకు పంపరాదు. ఇందులో మినహాయింపు లేదు.

అయిదవది: తప్పు చూపుచున్నదను కోపముతో నే టెస్టునకును ‘నిదానము’ అను గుర్తు వేసి మూలకు నెట్టరాదు. కారణము లేకయే యొకనాడు పచ్చగాను, ఒకనాడు ఎర్రగాను వచ్చు టెస్టులు కొన్ని యుండును. అవి ‘నాన్నా పులి’ కథలోని పిల్లవానివంటివి. వానిని వెంటనే బాగుచేయవలెను; లేనిచో నిజముగా పులి వచ్చిననాడు ఎవరును లేవరు.

రాత్రివరకు ఆగుటలో నొక నష్టము కలదు. దానినిగూడ నామె దాపరికము లేక వ్రాసినది. నలువది నిమిషములలో తెలియవలసిన తప్పు మరునాటి యుదయమున తెలియును. ఆ లోపల పదిమంది దిద్దుబాటులు కలిసిపోయి యుండును. అందులకు నుపాయమున్నది. గిట్ అను సాధనమున దిద్దుబాటులను సగము సగముగా విభజించి వెదకు నాజ్ఞ యొకటి కలదు. పదునారు దిద్దుబాటులున్నచో, నడిమిదానియొద్ద పరీక్షించి తప్పు ముందు సగములోనిదో వెనుక సగములోనిదో తేల్చుకొనుచు పోయినచో, నాలుగు పరీక్షలలో దోషి దొరకును. ఇంత శ్రమయైనను, దినమంతయు నందరును కాచుకొనుటకంటె తక్కువయే.

పైయధికారి యీ కట్టుబాటులను చూచి, మూడు నెలలు నడిపి చూతమని యొప్పుకొనెను. నిత్యపరీక్ష మూడు నిమిషములకు దిగినది. ఆమె బిడ్డ నిద్రించు వేళలో నొకటి గాదు, నాలుగైదు దిద్దుబాటులు చేసి, ఒక్కొక్కదానిని చూచుకొని లేచుచుండెను. ముఖమున మరల తేట వచ్చినది.

రెండవ నెలలో నొక యుదయమున ఎర్రగుర్తు కనబడినది. ఆ వారము వంతు ఆమెదే. మందుపెట్టెలపై గడువు నెలయు సంవత్సరమును మాత్రమే ముద్రింపబడి యుండుటను మీరు చూచియుందురు. మార్చి యని యున్నచో మార్చి ఆఖరు దినమువరకు వాడవచ్చునని యర్థము. ఆ ముందరి దినమున నెవరో గడువు లెక్కించు క్రమమును సులువు చేయబోయి, నెలయాఖరును విడిచి నెలమొదటి దినమునే గడువుగా పట్టిరి. చిన్న టెస్టులలో దినము, నెల, సంవత్సరము మూడునుగల తేదీలే వాడియుండుటచేత నవి యన్నియు పచ్చగా నుండెను. ఏడాది సరకు నడిపించు నిదానపు టెస్టు మాత్రము, ఇంకను నెలదినములు వాడదగిన మందులను పారవేయదగినవిగా ప్రోగ్రాము చూపుచున్నదని పట్టియిచ్చినది. చిన్న యూరి ఆసుపత్రిలో నిన్సులిను పెట్టెలు బాగుగా నుండగనే లేవని చెప్పబడినచో, రాత్రివేళ వచ్చిన రోగి గతి యేమి? మధ్యాహ్నము భోజనమునకు ముందే యా తప్పు చక్కబడినది. అది దుకాణములకు పోనేలేదు. నాలుగవ కట్టుబాటు పోనీయలేదు.

ఆమె యిప్పుడు గుడివాడలో నత్తవారింట బిడ్డతోను, ఉద్యోగముతోను సుఖముగా నున్నది. మూడు నెలల గడువు ముగిసిన పిమ్మట సంస్థవా రా పద్ధతినే స్థిరపరచిరి.

ఇందునుండి మనము గ్రహింపదగినదేమి? నిత్యము చేయనక్కరలేనిదని చెప్పుట వేరు, చేయనక్కరలేనిదని చెప్పుట వేరు. మొదటి మాట రెండవ మాటగా మారుటకు నెంతో కాలము పట్టదు. వంటగ్యాసు పొయ్యి మీట కట్టితిమో లేదో రాత్రి పరుండబోవునప్పుడు చూతుము; రబ్బరుగొట్టము బీటలువారినదో, దానిపై ముద్రించిన గడువు తీరినదో యెన్నడైన చూచితిమా? పిల్లవాని యెక్కము లొప్పగించుకొందుము. ఏడాది పాఠమంతయు వానిచేత నొకసారి చెప్పించుకొందుమా?

అన్నిటికంటె ముఖ్యమైనదొకటి చెప్పి ముగించెదను. మన యిండ్లలో తేదీ లేక యెన్నటికిని జరుగక పోవుచున్న నిండుపరీక్ష గృహిణి శరీరమునకు సంబంధించినది. నేడు లేచి పని చేసికొనగలిగితిమి గదా యను నిత్యపరీక్షతోనే మనము తృప్తిపడుచున్నాము. అది యొక్క మెతుకు పట్టి చూచుట మాత్రమే. రక్తపుపోటు, మధుమేహము, రొమ్ములోని గడ్డ, గర్భాశయముఖమున పుట్టు క్యాన్సరు - ఇవి తొలినాళ్లలో పని చేసికొనుటకు అడ్డురావు. అందుచేతనే యవి ప్రమాదకరమైనవి. 30 ఏండ్లు దాటినవారికి వీనిని ముందుగా కనిపెట్టు పరీక్షలు జాతీయ కార్యక్రమము క్రింద సర్కారు ఆరోగ్యకేంద్రములలో నేర్పాటు చేయబడియున్నవి. పోవుటకు సగము దినము పట్టును. బిడ్డ చదువు, అత్తగారి మోకాళ్లు, మగవారి ప్రయాణము, చుట్టముల రాక అని మనము ప్రతి సంవత్సరము దానిని వెనుకకు నెట్టుచున్నాము. దినచర్యలో దానికి చోటు లేకుండుట న్యాయమే. సంవత్సరములో నొక దినమైనను లేకుండుట న్యాయము కాదు.

కావున సోదరీమణులారా, గోడమీది పంచాంగము తీసి, మీకు వీలైన దినము నొకదానిని చూచి నేడే దానిచుట్టు గీత గీయుడు. ప్రక్కన మీ పేరే వ్రాయుడు. ఇంటిలోని వారందరకు కనబడునట్లు వ్రాయుడు.